ఆలయం కోరే అరఘడియ

ఆలయానికి ఎందుకు వెళ్తారని ఆస్తికులను ప్రశ్నిస్తే సాధారణంగా లభించే సమాధానాలు రెండు. మొదటిది దైవారాధన, రెండవది మనశ్శాంతి. ఇవి రెండు వేర్వేరు ప్రయోజనాలు కావనీ, ఆరాధన సక్రమంగా సాగితే శాంతి దానికి సహజఫలమనీ మన పూర్వుల విశ్వాసం. కానీ నేడు ఏ ప్రసిద్ధక్షేత్రం నుండి తిరిగివచ్చిన వారినైనా మనం మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "దర్శనం ఎంతసేపట్లో అయింది?" అరగంటలో అయిందన్నవాడు అదృష్టవంతుడు. పది గంటలు పట్టిందన్నవాడు జాలికి పాత్రుడు. శాంతి లభించిందా అని అడిగేవారు లేరు, లభించలేదని చెప్పేవారూ లేరు. ఆరాధనకు కాలమానం ఒక్కటే కొలబద్ద అయిపోయింది.

ఇందుకు రద్దీని, ఏర్పాట్లను, తోటి భక్తులను నిందించడం పరిపాటి. ఆ నిందలో కొంత సత్యం ఉండవచ్చు. అయినా మూలకారణం వేరొకచోట ఉన్నదని నా అభిప్రాయం. ఆలయసేవ ఒక క్రమం. ఆ క్రమంలో నడక ఉన్నది, ప్రదక్షిణ ఉన్నది, దర్శనం ఉన్నది, తీర్థప్రసాదస్వీకారం ఉన్నది, చివరకు మండపంలో కాసేపు కూర్చోవడం ఉన్నది. మనం దర్శనాన్ని మాత్రం పట్టుకొని మిగిలిన అంగాలను ఒక్కటొక్కటిగా వదిలివేశాము. అన్నిటికంటె ముందుగా వదిలినది చివరిదైన ఆసీనత. శాంతి ఆ చివరి అంగంలోనే పరిపక్వమవుతుంది. దానిని విసర్జించి శాంతి లేదని వాపోవడం, వండిన అన్నాన్ని విస్తరిలో వదిలేసి ఆకలి తీరలేదనడం వంటిది.

ఈ మాట కేవలం ఆచారవాదం కాదు. మన భాషలోని పదాలే దీనికి సాక్ష్యం పలుకుతాయి. ఆలయానికి సంస్కృతంలో 'ప్రాసాదం' అనే పేరున్నది. మనస్సు ప్రసన్నమయ్యే చోటు ప్రాసాదమని పెద్దలు వ్యుత్పత్తి చెప్పారు. భగవంతునికి నివేదించి మనం స్వీకరించేది 'ప్రసాదం'. భగవద్గీతలో చిత్తనైర్మల్యానికి ఉపయోగించిన పదం కూడా 'ప్రసాదమే'. దేవుడు కరుణిస్తే 'ప్రసన్నుడైనాడు' అంటాము. ఈ పదాలన్నిటికీ మూలం ఒకే 'సద్' ధాతువు. కూర్చోవడం, స్థిరపడడం, కలత తేరి అడుగున నిలవడం మొదలైన భావాలు దానిలో ఇమిడి ఉన్నాయి. సదనం, సదస్సు, పరిషత్తు ఆ కుటుంబంలోనివే. గురుసన్నిధిలో కూర్చొని పొందే విద్యకు 'ఉపనిషత్తు' అనే పేరు కూడా ఆ ధాతువు నుండే ఏర్పడింది. కలకబారిన నీటిని కుండలో పోసి కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు చేరి నీరు తేటపడుతుంది. దానిని ఎవరూ శుద్ధి చేయనక్కరలేదు, కదపకుండా ఉంటే చాలు. ప్రాసాదంలో ప్రసాదం లభించే విధానం కూడా ఇదే.

ఆలయనిర్మాణం సైతం ఈ సత్యాన్నే శిలలో చెప్పింది. గోపురం, ప్రాకారం, బలిపీఠం, ధ్వజస్తంభం, ముఖమండపం, అంతరాళం, గర్భగృహం అనే వరుసను పరిశీలించండి. వెలుగు నుండి క్రమక్రమంగా మసక వెలుతురులోకి, విశాలత నుండి సంకుచితస్థలంలోకి, సందడి నుండి నిశ్శబ్దంలోకి మనిషిని నడిపించే వరుస ఇది. కంటికి కనిపించే బాహ్యప్రపంచం ఒక్కొక్క గడప దాటినకొద్దీ తగ్గుతూ వచ్చి చివరకు ఒక దీపం, ఆ దీపకాంతిలో ఒక మూర్తి మాత్రమే మిగులుతాయి. దేహాన్ని దేవాలయంతో పోల్చిన మన సంప్రదాయం ఈ ప్రయాణాన్ని ఇంద్రియాల నుండి అంతరాత్మకు సాగే ప్రయాణంగా భావించింది. లోపలికి వెళ్ళడానికి ఇన్ని మెట్లు నిర్మించినవారు వెలుపలికి రావడానికి ఒక విరామస్థానం నిర్మించకుండా ఉంటారా? ఆ విరామస్థానమే మండపం.

దీనికి ప్రత్యక్షనిదర్శనం పాలంపేట రామప్ప దేవాలయం. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213లో, సేనాని రేచర్ల రుద్రుడు ప్రతిష్ఠించిన ఈ రుద్రేశ్వరాలయం 2021లో ప్రపంచవారసత్వ సంపదగా గుర్తింపు పొందింది. అక్కడికి వెళ్ళిన సందర్శకులు నీటిపై తేలే ఇటుకలను గురించి, మదనికల శిల్పసౌందర్యాన్ని గురించి ఆశ్చర్యపడతారు. అది సముచితమే. అయితే ఆలయాన్ని మోస్తున్న నక్షత్రాకారపు ఎత్తైన వేదికను కూడా గమనించాలి. మనిషి నింపాదిగా ప్రదక్షిణ చేయడానికి వీలైన వెడల్పు దానికి ఉన్నది. నడిచేటప్పుడు గోడపై బారులు తీరిన ఏనుగులు మన ప్రక్కనే నడుస్తున్నట్లు ఉంటాయి. లోపల రంగమండపంలో మధ్యనున్న వర్తులాకార స్థలం చుట్టూ అరుగులున్నాయి. నడిచేవారికి దారి, కూర్చునేవారికి అరుగు, నిలిచి చూసేవారికి గర్భగుడి. ఎనిమిదివందల ఏళ్ళ క్రిందటి స్థపతికి భక్తుని అవసరాలన్నీ తెలుసు. మనకే రెండు అవసరాలు మరపునకు వచ్చాయి.

ఇప్పుడు ఒక చిన్న గణితాన్ని పరికిద్దాం. తిరుమలలో శ్రీవారిని సాధారణంగా ఒక్కరోజులో దర్శించే భక్తుల సంఖ్య 60,000 నుండి 80,000 వరకు ఉంటుంది. దానిని 70,000 అనుకుందాం. ఒక దినానికి 86,400 సెకన్లు. సుప్రభాతం మొదలు ఏకాంతసేవ వరకు జరిగే కైంకర్యాలకు క్షణమైనా కేటాయించకుండా, అహోరాత్రాలు తలుపులు తెరచి ఉంచినా, ఒక్కొక్కరుగా వెళ్ళే భక్తునికి దక్కేది ఒకటింపావు సెకను లోపే. ఇద్దరు ముగ్గురు ప్రక్కప్రక్కన నడిస్తే అది కొన్ని సెకన్లవుతుంది. ఇది ఎవరి దోషమూ కాదు. ఎంతటి సమర్థుడైన అధికారి వచ్చినా దినానికి 60 ఘడియలే ఉంటాయి. స్వామిని చూడాలనుకునే వారి సంఖ్య పెరుగుతున్నకొద్దీ ఒక్కొక్కరి వాటాకు వచ్చే కాలం తగ్గక తప్పదు. కనుక శాంతి అనేది గర్భాలయం ముందు నిలిచే వ్యవధిపైనే ఆధారపడితే మనలో అత్యధికులకు అది శాశ్వతంగా దుర్లభమే.

అయితే ఆ లిప్తపాటు దర్శనానికే కన్నీరు కార్చి, గద్గదకంఠంతో వెలుపలికి వచ్చే భక్తులను మనం ప్రతిదినం చూస్తున్నాము. అలిపిరి నుండి సుమారు 3,550 మెట్లు గోవిందనామంతో ఎక్కి వచ్చిన వృద్ధునికి ఆ ఒక్క క్షణం చాలుతుంది. కారణమేమి? అతనికి దర్శనం గర్భాలయం ముందు ఆరంభం కాలేదు, తొలిమెట్టు మీదనే ఆరంభమైంది. అటువంటివాడు దర్శనానంతరం తొందరపడడు. ఆలయప్రాంగణంలో గాని, మాడవీధిలో గాని ఒక మూల చూసుకొని విమానంవైపు తిరిగి కూర్చుంటాడు. అతనికి దక్కిన క్షణం అతని లోపల విస్తరించడానికి అవకాశమిస్తాడు. అదే క్షణం దక్కినవాడు మరొకడు చరవాణి తీసి తిరుగుప్రయాణపు వాహనం ఎక్కడున్నదో విచారిస్తాడు. ఇద్దరికీ స్వామి ఇచ్చిన కాలం సమానమే. పుచ్చుకున్న పాత్రలే వేరు.

"వరుసలలో, వేచియుండే గదులలో గంటల తరబడి కూర్చుంటున్నాము కదా, అది ఆసీనత కాదా?" అని ఎవరైనా ఆక్షేపించవచ్చు. కాదనే చెప్పాలి. నిరీక్షణ వేరు, ఆసీనత వేరు. నిరీక్షణలో మనస్సు రాబోయే దానివైపు వాలి ఉంటుంది. తలుపు ఎప్పుడు తెరుస్తారు, ముందు ఎందరున్నారు, మనకంటె వెనుక వచ్చినవాడు ముందుకెలా వెళ్ళాడు అనే ఆలోచనలే దానికి ఆహారం. ఆ కాలాన్ని నామజపంతో పవిత్రం చేసుకునేవారు ఉత్తములు, సందేహం లేదు. కానీ దర్శనానంతరం కూర్చున్నవానికి పొందవలసినది మిగలలేదు. వెళ్ళవలసిన చోటు లేదు. కోరిక తాత్కాలికంగానైనా నివర్తించిన ఆ స్థితిలోనే మనస్సు తన స్వరూపాన్ని తాను చూసుకోగలుగుతుంది.

గీతలో సాంఖ్యయోగం ఈ విషయాన్ని ఒక సోపానంగా ప్రతిపాదించింది. నిగ్రహం లేనివానికి నిశ్చయబుద్ధి లేదని, భావన లేదని, భావన లేనివానికి శాంతి లేదని, శాంతి లేనివానికి సుఖం దూరమని అక్కడి బోధసారం. అంటే శాంతి మొదటిమెట్టు కాదు. దానికి ముందు భావన ఉన్నది. భావన అంటే చూసినదానిని మనస్సులో నిలిపి మననం చేయడం. కంటితో చూసిన మూర్తి మనస్సులోకి దిగడానికి కొంత కాలం కావాలి. విత్తనం భూమిలో పడిన మరుక్షణమే మొలకెత్తదు. దర్శనం విత్తనం నాటడం అయితే ఆసీనత దానిపై మట్టి కప్పడం. మనం నేడు విత్తనాలు చల్లుతూ, వెనుదిరిగి చూడకుండా పొలాలు మారుతున్నాము.

దర్శనమంటే కంటిపని మాత్రమే కాదని మన క్షేత్రాలు స్వయంగా బోధిస్తున్నాయి. సింహాచలంలో వరాహలక్ష్మీనృసింహస్వామి సంవత్సరం పొడుగునా చందనంతో ఆచ్ఛాదితుడై ఉంటాడు. అక్షయతృతీయ నాడు మాత్రమే నిజరూపదర్శనం. మిగిలిన దినాలలో కొండ ఎక్కినవారు స్వామిని చూడలేదని ఎవరనగలరు? కనబడని రూపాన్ని భావనలో చూడడమే అక్కడి దర్శనం. శ్రీకాళహస్తిలో వాయులింగం. గాలి చొరని గర్భాలయంలో ఒక దీపశిఖ మాత్రం చలిస్తూ ఉంటుంది. వాయుతత్త్వాన్ని సూచించే ఆ కదలికను గుర్తించాలంటే కొంతసేపైనా నిశ్చలంగా నిలబడాలి. చలించేవానికి చలనం కనిపించదు. చిదంబరంలోనైతే తెరవెనుక ఉన్నది ఆకాశమే. ఏమీ కనిపించకపోవడమే అక్కడి రహస్యం. ఈ మూడు క్షేత్రాలూ కలిసి చెప్పే పాఠం ఒకటే: చూసేది నేత్రం, దర్శించేది చిత్తం. చిత్తానికి నేత్రంవలె వేగం లేదు.

ఇక్కడ వేదాంతాభిమానులు మరొక ప్రశ్న లేవదీస్తారు. పరబ్రహ్మ సర్వవ్యాపి అయినప్పుడు ఆలయమెందుకు, ఇంటిలోనే కూర్చోరాదా? ప్రశ్న సమంజసమే. దీనికి శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యంలో చూపిన దృష్టాంతం ప్రసిద్ధం. సర్వగతుడైన హరిని సాలగ్రామంలో ఉపాసించినట్లే, సర్వగతమైన బ్రహ్మాన్ని హృదయమనే అల్పస్థానంలో ఉపాసించడం యుక్తమేనని వారు సమర్థించారు. పరిమితమైనది బ్రహ్మ కాదు, పరిమితమైనది మన ధ్యానశక్తి. ఆ శక్తికి ఆలంబనంగా ఒక స్థానం అవసరం. ఇంటిలో కూర్చుంటే తలుపుగంట, పాలవాడు, పనుల చిట్టా మనస్సును పిలుస్తాయి. ఆలయమండపంలో కూర్చున్నవానిపై ఇంటిపనులకు అధికారం లేదు. అక్కడి ఘంటానాదం, కర్పూరగంధం, చందనలేపం చెదిరే మనస్సును తిరిగి అక్కడికే చేరుస్తాయి.

విశిష్టాద్వైతాచార్యులు మరింత సౌలభ్యాన్ని చూపారు. భగవంతుని పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చా స్వరూపాలలో అర్చావతారమే అందరికీ అందుబాటైనదని వారి సిద్ధాంతం. పిళ్ళై లోకాచార్యులు దీనిని దప్పికగొన్నవాని దృష్టాంతంతో వివరించారు. అంతర్యామి భూగర్భజలం వంటివాడు, త్రవ్వితేగాని అందడు. అవతారాలు వరదనదుల వంటివి, ఆ కాలంలో ఉన్నవారికే దక్కాయి. అర్చామూర్తి మాత్రం ఆ వరదలో నిండి మిగిలిన మడుగు వంటివాడు, దోసిలి పట్టితే చాలు. ఎంత ఉదాత్తమైన పోలిక! అయితే మనం ఏమి చేస్తున్నాము? మన ఇంటి ప్రక్కనున్న మడుగును విడిచి, వందల యోజనాల దూరంలోని మడుగు దగ్గర లక్షలమందితో కలిసి దోసిలి చాపుతున్నాము.

మహాక్షేత్రయాత్రలు వలదని నా భావం కాదు. తీర్థయాత్ర మన ధర్మంలో ఒక విశిష్టవ్రతం. దానికి స్థలమాహాత్మ్యం ఉన్నది, శ్రమతో కూడిన తపస్సు ఉన్నది. అయితే యాత్ర జీవితంలో అప్పుడప్పుడు చేసేది, ఆలయసేవ నిత్యమో వారానికోమారో చేసేది. మొదటిది రెండవదానికి ప్రత్యామ్నాయం కాజాలదు. సంవత్సరానికొకసారి మహాక్షేత్రంలో కొన్ని సెకన్ల దర్శనం చేసుకొని, తన వీధిలోని రామాలయం గడప ఏడాదంతా తొక్కని ఆస్తికుడు శాంతిని ఎక్కడ వెదుకుతున్నట్లు?

ఆ రామాలయం పరిస్థితి ఎలా ఉన్నదో కూడా ఆలోచించాలి. మన గ్రామాలలో ఆదాయం లేక నిత్యదీపారాధనకే ఇబ్బందిపడుతున్న ఆలయాలు ఎన్నో. వాటికోసం ఉమ్మడి రాష్ట్రకాలంలోనే ధూపదీపనైవేద్య పథకం అవసరమైంది. నేటికీ రెండు తెలుగు రాష్ట్రాలలోనూ అది కొనసాగుతున్నది. చమురు ఖర్చును ప్రభుత్వం భరించగలదేమో గాని, ఆ దీపకాంతిలో కూర్చునే మనిషిని ఏ ప్రభుత్వమూ నియమించలేదు. అర్చకుడు ఒంటరిగా షోడశోపచారాలు జరిపి, ఒంటరిగా హారతి ఇచ్చి, తానే కళ్ళకద్దుకొని తలుపులు మూసే సాయంసంధ్యలు ఎన్నో ఉన్నాయి. ఆవాహన కాగానే స్వామికి మొదట సమర్పించే ఉపచారం ఆసనం. దేవునికి ఆసనమిచ్చిన ఆ మండపంలో మానవుడు కూర్చోని స్థితి వస్తే, ఒక తరం గడిచేసరికి ఆ ఆలయం రాతికట్టడంగా మాత్రమే మిగులుతుంది. శాంతికోసం మనం వెదికే నిశ్శబ్దం అక్కడ పుష్కలంగా ఉన్నది. ఆ ఆలయానికి కావలసిన మనుష్యసాన్నిధ్యం మన దగ్గర ఉన్నది. పరస్పరావసరం ఇంత స్పష్టంగా కనిపిస్తున్నా ఇద్దరి మధ్య నాలుగు వీధుల దూరం తరగడం లేదు.

ఆలయనిర్వాహకులకు కూడా ఒక విన్నపం. జనసందోహాన్ని క్రమబద్ధం చేయడం అవసరమే. అయితే పట్టణాలలోని అనేక ఆలయాలలో మండపాలు ఇనుపకటకటాలతో, విక్రయస్థానాలతో, నిలువచేసిన సామగ్రితో నిండిపోతున్నాయి. కూర్చున్నవారిని లేపి పంపడమే విధిగా భావించే సిబ్బంది కూడా కనిపిస్తారు. పురాణకాలక్షేపాలకు, హరికథలకు, వేదపారాయణకు పుట్టిన స్థలాలవి. మండపంలో కనీసం ఒక భాగాన్ని ఎటువంటి వస్తువులూ లేకుండా, ఎటువంటి రుసుమూ లేకుండా, ధ్వనివర్ధకానికి దూరంగా కూర్చునేవారికి వదలాలి. నేలపై కూర్చోలేని వృద్ధులకు గోడవారగా అరుగో పీటలో ఏర్పాటు చేయాలి. దీనికి పెద్ద వ్యయం లేదు. ఉన్న ఖాళీని ఖాళీగా ఉంచడమే ఆ సేవ.

భక్తులవైపు నుండి చేయవలసినది అంతకంటె సులభం. మన పెద్దల లెక్కలో ఘడియకు 24 నిమిషాలు. అందులో సగం, అంటే 12 నిమిషాలు, దర్శనానంతరం కేటాయిద్దాం. దానికి ముందు ప్రదక్షిణ నింపాదిగా సాగాలి. శివాలయంలో సోమసూత్రం దాటకుండా వెనుదిరిగే నియమం ఎందుకున్నదో ఒక్కసారి గమనించండి. అభిషేకజలం ప్రవహించే మార్గాన్ని గౌరవించాలంటే నడిచేవానికి ఎరుక ఉండాలి. యాంత్రికంగా తిరిగేవాడు ఆ నియమాన్ని పాటించలేడు. చిలుకూరు బాలాజీ ఆలయంలో హుండీ లేదు. కోరికతో వచ్చినవారు 11 ప్రదక్షిణలు, కోరిక తీరినవారు 108 ప్రదక్షిణలు చేయడం అక్కడి సంప్రదాయం. ధనానికి బదులు కాలాన్ని, శ్రమను సమర్పించే ఆ పద్ధతి ఎంతో శ్లాఘనీయం. అయితే సంఖ్యను పూర్తిచేయాలనే ఆతురతలో పరుగెత్తితే అక్కడ కూడా లెక్క మిగిలి ప్రదక్షిణ జారిపోతుంది. సంఖ్య మనస్సును నిలపడానికే గాని తరమడానికి కాదు.

కూర్చున్నప్పుడు ఏమి చేయాలి? విశేషసాధన ఏదీ అక్కరలేదు. చరవాణిని మూసివేయాలి. విమానాన్ని గాని, ధ్వజస్తంభాన్ని గాని, గర్భాలయంలోని దీపాన్ని గాని చూడాలి. అప్పుడే చూసిన మూర్తిని పాదాల నుండి కిరీటం వరకు స్మరించాలి. నామం తెలిసినవారు నామం, స్తోత్రం తెలిసినవారు స్తోత్రం మనస్సులో అనుకోవచ్చు. ఏదీ రానివారు ఊరక కూర్చోవచ్చు. మొదటి కొన్ని నిమిషాలు ఇంటి సంగతులు, ఋణాలు, వైరాలు అన్నీ పైకి తేలుతాయి. భయపడనక్కరలేదు. కుండలో కలకనీరు తేటపడే ముందు జరిగేది అదే. వెంట వచ్చిన పిల్లలను కూడా ప్రక్కన కూర్చుండబెట్టుకోవాలి. ఆలయమంటే తోపులాట అని నేర్చిన బిడ్డ పెద్దయిన తరువాత శాంతికోసం ఆలయానికి రాడు. వేరొక చోటికి వెళ్తాడు. ఆ తప్పు బిడ్డది కాదు.

మన శాంతిమంత్రాలలో శాంతిపదాన్ని మూడుమార్లు ఉచ్చరించడం ఆధ్యాత్మిక, ఆధిభౌతిక, ఆధిదైవిక తాపాల ఉపశమనంకోసమని పెద్దలు వివరించారు. ఈ విభాగాన్ని ఆలయానుభవానికి అన్వయిస్తే ఎవరి బాధ్యత ఎంతో స్పష్టమవుతుంది. వరుసలు, రద్దీ, ధ్వని ఆధిభౌతికాలు. వాటిని నిర్వాహకులు కొంతవరకు తగ్గించగలరు. ఆధిదైవికం స్వామి అనుగ్రహానికి వదలవలసినది. మిగిలినది ఆధ్యాత్మికం, మన లోపలి కలకలం. దానిని ఏ ప్రత్యేకప్రవేశమూ తగ్గించలేదు, ఏ శీఘ్రదర్శనమూ పరిహరించలేదు. అది మనం కూర్చుంటేనే కూర్చుంటుంది.

కనుక ఈ వారం ఆలయానికి వెళ్ళదలచినవారు ఎంతసేపట్లో దర్శనమవుతుందో విచారించే ముందు, దర్శనమైన తరువాత ఎంతసేపు ఉండగలమో నిశ్చయించుకోవాలని ప్రార్థన. స్వామి మన కొరకు అహర్నిశలు అక్కడే ఉన్నాడు. మనం ఆయన కొరకు అరఘడియ ఉండగలిగితే చాలు.

స్వస్తి.